ఇంటి చెత్తను వేరుచేయడం ఎలా: వరంగల్, హనుమకొండ, కాజీపేట వాసులకు

మడికొండ శివారులోని రాంపూర్ డంపింగ్ యార్డులో వేసవి వస్తే పొగ రేగడం ఈ నగరవాసులకు తెలిసిన సంగతే. తడి చెత్త మీద మళ్లీ చెత్త పడి, లోపలికి గాలి అందకుండా పోయినప్పుడు అది కుళ్లుతూ మీథేన్ అనే వాయువును విడుదల చేస్తుంది. ఆ వాయువుకు నిప్పు తగిలితే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కవర్లు, రబ్బరు, గుడ్డపేలికలు అన్నీ కలిసి రోజుల తరబడి రగులుతాయి. అదే కుప్ప మీద వాన కురిస్తే చెత్తలోంచి నల్లటి నీరు కారి నేలలోకి ఇంకుతుంది. ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తను తవ్వి, యంత్రాలతో జల్లించి, మట్టిని, ప్లాస్టిక్‌ను, రాళ్లను విడదీసే బయోమైనింగ్ పనులు ఆ యార్డులో చేపట్టారు. వంటింట్లో ఒక్క క్షణంలో, చేతికి మట్టి అంటకుండా జరగాల్సిన పనిని కోట్ల రూపాయలు పోసి పదేళ్ల తర్వాత చేయించడమే బయోమైనింగ్.

ఇది ఒక్క వరంగల్ సమస్య కాదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020-21 నివేదిక ప్రకారం దేశంలో రోజుకు సుమారు 1.6 లక్షల టన్నుల ఘన వ్యర్థాలు పోగవుతుండగా, వాటిలో దాదాపు సగం మాత్రమే శుద్ధి ప్రక్రియకు వెళ్తున్నాయి. మిగిలినదంతా యార్డులకో, చెరువు గట్లకో, మోరీలకో చేరుతున్నది. చెత్త పెరగడానికి జనాభా ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. పచారీ సామాను కాగితపు పొట్లాల్లో వచ్చిన రోజుల్లో ఇంటి చెత్తలో ఎక్కువ భాగం దానంతటదే చివికిపోయేది. ఇప్పుడు పావుకిలో కందిపప్పు మొదలు రూపాయి షాంపూ వరకు ప్రతిదీ ప్లాస్టిక్ తొడుగుతోనే ఇంటికి వస్తున్నది.

వేరుచేయడం వరంగల్‌కు కొత్త కూడా కాదు. 2012 అక్టోబరులో ఇక్కడ జరిగిన క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్‌లో ఇతర మున్సిపాలిటీల సిబ్బంది కూడా పాల్గొని, ఇంటింటి నుంచి తడి, పొడి చెత్తను విడివిడిగా సేకరించే పద్ధతిని సాధన చేశారు. ఆ పట్టుదల తర్వాత అన్ని గల్లీల్లోనూ ఒకే తీరుగా నిలవలేదు. చెత్త సేకరించే ఆటో మీద రెండు అరలు ఉంటే సరిపోదు; ఆ అరల్లోకి వచ్చేది ఇంట్లోనే విడిపోయి రావాలి.

ఏది ఎందులోకి

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెత్తను తడి, పొడి, గృహ ప్రమాదకర వ్యర్థాలు అని మూడుగా విభజించాలన్నాయి. వాటి స్థానంలో వచ్చిన 2026 నియమాలు తడి, పొడి, శానిటరీ (వాడిన ప్యాడ్లు, డైపర్లు), ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి (పాత మందులు, ట్యూబ్‌లైట్లు వంటివి) అని నాలుగు రకాలను చెబుతున్నాయి. నాలుగు డబ్బాలు అనగానే చాలామంది బెదిరిపోతారు గానీ రోజూ వాడే డబ్బాలు రెండే. శానిటరీ వ్యర్థాలకు ఒక చిన్న మూత డబ్బా, నాలుగో రకానికి అటక మీద ఒక అట్టపెట్టె ఉంటే చాలు.

తడి చెత్త అంటే కుళ్లేది: కూరగాయల తొక్కలు, వాడిన చాయ్‌పత్తి, మిగిలిన అన్నం, గుడ్డు పెంకులు, మాంసం ఎముకలు, దేవుడి గదిలోని వాడిన పూలు, విస్తరాకులు. ఒక్క నీళ్లబొట్టు కూడా లేని ఉల్లిపొట్టు తడి చెత్తే అవుతుంది, నీళ్లు కారే పాల ప్యాకెట్టు మాత్రం పొడి చెత్తే. ఈ ఒక్క విషయం ఇంట్లో పిల్లల నుంచి పనిమనిషి వరకు అందరికీ అర్థమైతే సగం తప్పులు ఆగిపోతాయి. చేతికి తడి తగిలిందా లేదా అని కాకుండా, మట్టిలో పెడితే చివుకుతుందా లేదా అని చూడాలి.

డబ్బాలు ఎక్కడ పెడుతున్నామన్నది వాటి రంగు కన్నా ముఖ్యం. ఆకుపచ్చది తడికి, నీలంది పొడికి అన్న పద్ధతి మంచిదే గానీ, రెండూ పెరట్లో పక్కపక్కన ఉంటే తొందరలో ఉన్న చెయ్యి దగ్గరున్న దాంట్లోనే పడేస్తుంది. తడి డబ్బాను కూరగాయలు కోసే చోట, గట్టు కిందనే ఉంచండి. పొడి చెత్తకు వంటింటికి కాస్త దూరంగా ఒక పెద్ద గోనె సంచి వేలాడదీయండి. తడి డబ్బా లోపల ప్లాస్టిక్ కవరు వేయడం మన ఇళ్లలో బాగా పాతుకుపోయిన అలవాటు. ఆ కవరుతోనే చెత్తను ఆటోలో వేస్తే ఎరువు తయారుచేసే చోట దాన్ని మళ్లీ ఎవరో ఒకరు చేత్తో చింపి తీయాల్సి వస్తుంది. దాని బదులు అడుగున రెండు పొరల పాత పేపరు పరచి, చెత్త వేసే ముందు పప్పు నీళ్లు, చారు వంటివి జల్లెడలో వడకట్టండి. డబ్బా వాసన రాదు, కడగడమూ సులువు. ముడివేసిన కవర్లలో అన్నం పెట్టి గోడ పక్కన వదిలేస్తే ఆవులు, గేదెలు కవరుతో సహా మింగుతాయి. వాటి కడుపులో ప్లాస్టిక్ పేరుకుని జీర్ణశక్తి దెబ్బతింటుంది. అలా వదిలేయడాన్ని జీవదయ అనలేము.

పాల ప్యాకెట్టు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది ప్రతి ఇంట్లో రోజూ జరిగేది. ప్యాకెట్టు మూలను కత్తెరతో పూర్తిగా తెగ్గోసినప్పుడు రాలిపడే ఆ చిన్న ముక్క ఎవరి కంటా పడదు. ఊడ్చినప్పుడు దుమ్ములో కలిసి మోరీలోకి పోతుంది. మూలను సగం వరకే కోసి, ముక్క ప్యాకెట్టుకే వేలాడేలా వదిలేయండి. పాలు వంపిన తర్వాత అర గ్లాసు నీళ్లు పోసి ఆడించి, ఆ నీళ్లను మొక్కలకు పోసి, ప్యాకెట్టును గట్టు అంచున బోర్లా ఆరబెట్టండి. అలా ఆరిన ప్యాకెట్లు నెల రోజులవి పోగుచేస్తే స్క్రాప్ దుకాణంవారు తూకానికి తీసుకుంటారు. కడగనివి పురుగు పట్టి, పక్కనున్న కాగితాలను కూడా పనికిరాకుండా చేస్తాయి. చిప్స్, బిస్కెట్ల ప్యాకెట్లకు ఈ యోగం లేదు. వాటిలో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు కలిసిపోయి ఉండటం వల్ల వాటిని ఎవరూ కొనరు. శుభ్రంగా ఉంటే సిమెంటు కర్మాగారాల బట్టీల్లో బొగ్గుకు తోడుగా వాడటానికి పనికొస్తాయి. కాబట్టి వాటిని కూడా పొడి సంచిలోనే వేయాలి గానీ, అసలు కొనడం తగ్గించుకోవడమే మేలు.

చాయ్ తాగే కాగితపు కప్పు లోపల పలుచని ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి అది ఎరువు గుంతకు పనికిరాదు. నూనె పీల్చుకున్న పేపరు తడిలోకి వెళ్తుంది; శుభ్రమైన పేపరు చివికేదే అయినా, కొనేవారు ఉంటారు కాబట్టి పొడిలోకి వెళ్తుంది. పగిలిన గాజును మందపాటి పేపరులో చుట్టి, పైన పెన్నుతో 'గాజు' అని రాసి ఇవ్వండి. చెత్త ఎత్తేవారి చేతులకు చాలాసార్లు తొడుగులు ఉండవు.

ఇంట్లోనే ఎరువు

తడి చెత్త ఇల్లు దాటకపోతే మిగిలిన చెత్త సమస్య చాలావరకు తేలికైపోతుంది. మీరు ఒకే ఒక్క పని మొదలుపెట్టదలచుకుంటే దీంతోనే మొదలుపెట్టండి. పెరడు లేకపోయినా, బాల్కనీ ఉంటే సరిపోతుంది.

ఖాళీ అయిన 20 లీటర్ల పెయింట్ బకెట్లు రెండు, మూతలతో సహా, బాగా కడిగి తీసుకోండి. కాల్చిన ఇనుప చువ్వతో అడుగున ఐదారు, పక్కల చుట్టూ ఇరవై దాకా రంధ్రాలు వేయండి. బకెట్టును రెండు ఇటుకల మీద నిలిపి, కింద ఒక పళ్లెం పెట్టండి. అడుగున మూడు అంగుళాల మందాన ఎండుటాకులు పరచి, గుప్పెడు ఎండిన పేడ పొడి గానీ, పాత ఎరువు గానీ చల్లండి. అవి దొరకకపోతే పుల్లటి మజ్జిగ ఒక గ్లాసు చిలకరించినా చివికించే సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. ఆ రోజు నుంచి తడి చెత్తను చిన్న ముక్కలుగా కోసి వేస్తూ, వేసిన ప్రతిసారీ అంతకు కొంచెం ఎక్కువ పరిమాణంలో ఎండుటాకుల పొడి గానీ, రంపపు పొట్టు గానీ, కొబ్బరి పొట్టు గానీ కప్పాలి. వారానికి రెండుసార్లు కర్రతో అడుగు దాకా కలియబెట్టాలి. మొదటి బకెట్టు నిండగానే దాన్ని పక్కనపెట్టి రెండోదాన్ని మొదలుపెడితే, రెండోది నిండేసరికి మొదటిది మాగుతుంది. మామూలుగా 45 నుంచి 60 రోజులు పడుతుంది. మాగిన ఎరువు నల్లగా, పొడిపొడిగా, తొలకరి వానకు తడిసిన నేల వాసనతో ఉంటుంది. వేసిన వస్తువులేవీ ఆనవాలు పట్టేలా కనిపించకూడదు.

ఎండుటాకులు ఎందుకంత అవసరమో తెలిస్తే ఎవరూ అశ్రద్ధ చేయరు. వంటింటి చెత్తలో నీరు, నత్రజని ఎక్కువ. ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. సూక్ష్మజీవులకు నత్రజని ఒక పాలు అందితే కర్బనం 25 నుంచి 30 పాళ్లు అందాలి. ఆకులు తక్కువైతే నీరు నిలిచి, గాలి ఆడక, కుళ్లు వాసన వస్తుంది. వాసన వచ్చిందంటే ఆ పద్ధతి పనికిరాదని అర్థం కాదు, ఆకులు వేసి కలియబెట్టమని అర్థం. గుప్పెట్లోకి తీసుకుని గట్టిగా పిండినప్పుడు ఒకటి రెండు బొట్లు మాత్రమే రావాలి. ధారగా కారితే తడి ఎక్కువైనట్టు. చెయ్యి తడవకపోతే, పైగా చీమలు పట్టి ఉంటే, కాసిన్ని నీళ్లు చిలకరించాలి.

మన ప్రాంతపు ఎండలకు, వానలకు తగ్గట్టు కొన్ని మార్పులు తప్పవు. మే నెలలో ఎండకు బకెట్టు ఒక్క రోజులో ఎండిపోతుంది కాబట్టి నీడలో ఉంచి, పైన తడి గోనె కప్పండి. వానాకాలంలో దీనికి సరిగ్గా ఎదురు పరిస్థితి: తడి చెత్త ఎక్కువ, ఎండుటాకు ఒక్కటీ దొరకదు. వేప, కానుగ, రావి చెట్లు ఆకు రాల్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే నాలుగైదు గోనె సంచుల నిండా ఆకులు నింపి, వాన తగలని చోట దాచుకున్నవారికే ఆషాఢ, శ్రావణాల్లో ఎరువు సజావుగా సాగుతుంది. ఫిబ్రవరి, మార్చిలో వీధి చివర ఊడ్చి కాల్చేస్తున్న ఆకులు నిజానికి ఆరు నెలల తర్వాత కొనుక్కోవాల్సి వచ్చే సరుకు. టేకు ఆకుల్లాంటి పెద్దవాటిని చేత్తో నలిపి వేయండి, లేకపోతే పొరలు పొరలుగా అతుక్కుపోయి గాలిని ఆపేస్తాయి.

ఇక కోతులు. నగరం చుట్టూ ఉన్న కాలనీల్లో ఇది నవ్వులాట కాదు. అరటి తొక్క, మామిడి తొక్క వాసన పసిగడితే మూత ఊడబెరికి బాల్కనీ అంతా చల్లిపోతాయి. పండ్ల తొక్కలను పైన వదలకుండా బకెట్టు మధ్యలో గుంత చేసి కప్పెట్టి, మూత మీద ఇటుక పెట్టి, హ్యాండిల్‌ను తాడుతో కిటికీ ఊచకు కట్టాలి. ఎముకలు, చేప ముళ్లు, నూనె కూరలు ఇంటి బకెట్టులో వేయకండి. అవి ఎలుకలను, కుక్కలను పిలుస్తాయి. వాటిని తడి చెత్తగా ఆటోకే ఇవ్వండి. బకెట్టులో బూడిద రంగు లావుపాటి పురుగులు కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. అవి నల్ల సైనిక ఈగ (బ్లాక్ సోల్జర్ ఫ్లై) పిల్లలు. చెత్తను వేగంగా తినేస్తాయి, మనుషులకు హాని చేయవు. తెల్లని బూజు కూడా మంచి సూచనే.

పల్లెల్లో ఈ విద్య కొత్తగా నేర్పాల్సిన అవసరం లేదు. ఇంటి వెనుక పెంటకుప్ప వేసి ఏటా వానకాలానికి ముందు పొలానికి తోలడం మన తాతల కాలం నాటి పద్ధతి. పల్లె ప్రగతి కింద ప్రతి గ్రామ పంచాయతీకి ట్రాక్టరు, డంపింగ్ యార్డు, వేరుచేసే షెడ్డు సమకూర్చారు. వచ్చిన చిక్కల్లా పెంటకుప్పలో గుట్కా, షాంపూ ప్యాకెట్లు కలవడమే. ఆ ఎరువు పొలంలో చల్లితే ప్లాస్టిక్ ముక్కలు దుక్కిలో ఏళ్ల తరబడి నాగలికి తగులుతూనే ఉంటాయి.

పొడి చెత్త

దీన్ని రోజూ ఇవ్వాల్సిన పని లేదు. పొడిగా ఉన్నంతకాలం వాసన రాదు కాబట్టి వారానికోసారి, పదిహేను రోజులకోసారి ఇచ్చినా చాలు. పాత సామాను బండివారు పేపరు, ఇనుము, సీసాలు, గట్టి ప్లాస్టిక్ కొంటారు. వారు తీసుకోనిది స్వచ్ఛ ఆటోకు ఇవ్వండి. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పలుచని క్యారీ బ్యాగులపై నిషేధం ఉంది. అయినా కూరగాయల మార్కెట్లో అవి చేతికి వస్తూనే ఉన్నాయి. వద్దనడానికి చేతిలో సంచి ఉండాలి, లేకపోతే ఎంత తెలిసినా తీసుకోక తప్పదు.

పొడి చెత్తను గల్లీలో పోగుచేసి తగలబెట్టడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. ప్లాస్టిక్, ముఖ్యంగా పీవీసీ, తక్కువ వేడి మీద కాలినప్పుడు డయాక్సిన్ల వంటి విష పదార్థాలు పుడతాయి. బహిరంగంగా చెత్త కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాల్చినవారికి 25,000 రూపాయలు జరిమానా విధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే ఆదేశించింది.

జాగ్రత్త కోరేవి

వాడిన శానిటరీ ప్యాడ్లను, డైపర్లను పేపరులో చుట్టి, పైన ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి, విడిగా ఇవ్వాలి. టాయిలెట్‌లో వేస్తే పైపు మూసుకుపోతుంది, తడి చెత్తలో వేస్తే ఎరువంతా పాడవుతుంది. డైపర్‌లోని మలాన్ని ముందుగా టాయిలెట్‌లో వదిలించడం కార్మికుల పట్ల కనీస మర్యాద.

ఇన్సులిన్ తీసుకునేవారు ఉన్న ఇంట్లో సూదులను మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేస్తూ, ముప్పావు వంతు నిండాక మూత బిగించి, టేపు చుట్టి, 'సూదులు' అని రాసి ఇవ్వాలి. ఊరికే పొడి సంచిలో పడేసిన సూది రోజూ అదే సంచిని చేత్తో వెతికే మనిషికి గుచ్చుకుంటుంది. కాలం చెల్లిన మందులు, పాత ట్యూబ్‌లైట్లు, థర్మామీటరు, పెయింటు డబ్బాలు, బ్యాటరీ సెల్లులు అట్టపెట్టెలో దాచి, వార్డులో ప్రత్యేకంగా సేకరించే రోజున అప్పగించండి. యాంటీబయాటిక్ సిరప్‌లను మోరీలో పోయకండి. ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది కాబట్టి పగలగొట్టవద్దు. ఉబ్బిన ఫోను బ్యాటరీ, పవర్ బ్యాంకు చెత్త ఆటోలో నలిగితే మంట పుడుతుంది. వాటి కొసలకు టేపు అంటించి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోటికే చేర్చాలి. ఇన్వర్టరు బ్యాటరీ మార్చేటప్పుడు పాతదాన్ని దుకాణంలోనే ఇచ్చి ధర తగ్గించుకోవడం అందరికీ తెలిసిందే.

పత్తి, మిర్చి పండించే ఇళ్లలో పురుగుమందు డబ్బాల విషయంలో ఇంకా గట్టి జాగ్రత్త కావాలి. మందు కలిపేటప్పుడే ఖాళీ డబ్బాను మూడుసార్లు కడిగి, ఆ నీళ్లను స్ప్రేయర్ ట్యాంకులోనే పోసి, డబ్బాకు తూట్లు పొడిచి పక్కన పెట్టాలి. ఎంత కడిగినా ఆ డబ్బాలో కిరోసిన్ గానీ, విత్తనాలు గానీ, నీళ్లు గానీ పోయకూడదు.

పండుగలు, పెళ్లిళ్లు, ఇంటి మరమ్మతులు

బతుకమ్మ పూలు చెరువులో కలిసినంత మాత్రాన నష్టమేమీ లేదు. తంగేడు, గునుగు, బంతి అన్నీ చివికేవే. పూలు తెచ్చిన కవరు, థర్మకోల్ పళ్లెం, గునుగుకు అద్దిన రసాయన రంగు మాత్రం నీటిలో మిగులుతాయి. వేయి స్తంభాల గుడి దగ్గరైనా, భద్రకాళి చెరువు దగ్గరైనా వెదురు సిబ్బితో వెళ్లి, కవరును సంచిలో పెట్టుకుని తిరిగి రావచ్చు. పెళ్లిలో వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి నిషేధితాలు. క్యాటరింగ్ మాట్లాడుకునేటప్పుడే మోదుగాకు విస్తర్లు, స్టీలు గ్లాసులు కావాలని ఒప్పందంలో రాయించుకోండి. వంట దగ్గర తడి చెత్తకు విడిగా రెండు డ్రమ్ములు పెట్టించకపోతే ఒక్క పూటలో క్వింటాళ్ల అన్నం, ప్లాస్టిక్ కలిసిపోతాయి.

ఇల్లు మరమ్మతు చేయించినప్పుడు వచ్చే ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలను రాత్రిపూట నాలాలో దింపించే మేస్త్రీలు ఉంటారు. 2023 జూలై వరదల్లో నగరంలోని కాలనీలు మునిగిన తీరు చూసినవారెవరూ దానికి ఒప్పుకోకూడదు. మట్టి, రాళ్లు పునాది గుంతలకు పనికొస్తాయి. మిగిలినది కార్పొరేషన్‌కు చెప్పి రుసుము కట్టి తరలించండి.

ఆటోలో కలిపేస్తుంటే

'మేం వేరుచేసినా వాళ్లు కలిపేస్తున్నారు' అన్న ఫిర్యాదు న్యాయమైనదే, కొన్ని గల్లీల్లో అది నిజం కూడా. కానీ అందుకని ఇంట్లో మానేస్తే, కలపడానికి వారికి దొరికే సాకు మనమే అవుతాం. కార్మికుడితో గొడవ పడి లాభం లేదు. ఎన్ని ఇళ్లు వేరుచేసి ఇస్తున్నాయన్నదాన్ని బట్టే అతని పని సాగుతుంది. పది ఇళ్లవారు మాట్లాడుకుని ఒకే పద్ధతి పాటిస్తే, ఆటో వచ్చేసరికి తడి బకెట్లు ఒక వరుసలో, పొడి సంచులు ఒక వరుసలో ఉంటాయి కాబట్టి కలపడమే అతనికి ఎక్కువ శ్రమ. అపార్ట్‌మెంటుల్లో వాచ్‌మన్ అన్ని అంతస్తుల డబ్బాలనూ ఒకే డ్రమ్ములో బోర్లించేస్తుంటాడు. అక్కడ కింద రెండు డ్రమ్ములు పెట్టి, స్క్రాప్ అమ్మగా వచ్చిన డబ్బు అతనికే చెందేట్టు సంఘం తీర్మానించుకుంటే పర్యవేక్షణ అవసరం దాదాపు ఉండదు. అప్పటికీ కలుపుతూనే ఉంటే, తేదీ, సమయం, వీధి పేరు, ఆటో నంబరు రాసి, ఫొటోతో సహా ముందు పారిశుద్ధ్య కార్మికుల పని చూసే వార్డు జవాన్‌కు, ఆ తర్వాత శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వండి. ఒక్కరి పేరుతో కాకుండా ఆ వీధిలోని పది ఇళ్ల సంతకాలతో ఇస్తే కాగితం త్వరగా కదులుతుంది.